దీపము – ఎదుటివాని కన్ను

మన పల్లెలలో ఎద్దుబండ్లు రాత్రివేళఁ బ్రయాణము సేయు దినములలో, బండివాఁడు హరికేన్ లాంతరును బండి యిరుసు క్రింద వ్రేలఁగట్టుట మనలోఁ గొందఱికైనను జ్ఞాపకముండును. ఆ దీపము ఎద్దుల కాళ్లచుట్టును చక్రములచుట్టును గొంచెము వెలుఁగు పఱచెడిది. వెనుకనుండి వచ్చువానికిని ఎదుటనుండి వచ్చువానికిని ఇచ్చట బండి యున్నదని తెలిపెడిది. బండివాఁడు దానిని తన కంటికెదురుగా నుంచుకొనెడివాఁడు కాఁడు. అట్లు చేసినచో దీపము తప్ప మఱేమియుఁ గనఁబడదని అతఁ డెఱుఁగును. కాలినడకను బోవువాఁడు సైతము లాంతరును మోఁకాలి దగ్గఱకు దించి పట్టుకొనెడివాఁడు. ఎదుట మనిషి వచ్చినచో నొకింత ప్రక్కకుఁ ద్రిప్పెడివాఁడు. ఇది మర్యాద యని యెవ్వరును బోధింపఁగా మేము వినలేదు. చీఁకటిలో నడచువారికి అది తనంతట నలవడినది.

ఈ సంగతి మాకిప్పుడు జ్ఞాపకము వచ్చుటకుఁ గారణము ఒక క్రొత్త కారు.

కొంతకాలము క్రిందట మేమొక చిన్న కారు కొంటిమి. పగటివేళ దానియందు లోపమేమియుఁ గనఁబడలేదు. రాత్రి ఊరు దాఁటి పెద్దరోడ్డు ఎక్కినప్పుడు మాత్రము మా మనసు కుంగినది. ముందు దీపములు రెండును వెలుఁగుచున్నవి; కాని యా వెలుఁగు పాలిపోయిన పసుపు మరకవలె బండి ముందు కొంతమేర నేలమీఁదఁ బడి, అక్కడనే యాఱిపోవుచున్నది. ఎదురుగా బండి లేనపుడు పై దీపము వేసికొనవచ్చును. మన రోడ్లమీఁద ఎదురుబండి లేని నిమిషము లెన్ని? రాత్రి ప్రయాణములో అధికభాగము క్రింది దీపముతోనే గడపవలసి యున్నది.

లెక్క వేసి చూచితిమి. గంటకు 80 కిలోమీటర్ల వేగమునఁ బోవు బండి సెకనుకు 22 మీటర్లు గడచును. అడ్డము కనఁబడిన పిదపఁ గాలు బ్రేకుమీఁదికిఁ బోవుటకు ఒకటిన్నర సెకను పట్టుననుకొన్నచో, బ్రేకు పడకమునుపే 33 మీటర్లు పోయినవి. పొడి తారురోడ్డుమీఁద గట్టిగా బ్రేకు వేసినను ఇంకొక 35 మీటర్లు. మొత్తము ఇంచుమించుగా 70 మీటర్లు. మా క్రింది దీపము మాకుఁ జూపుచున్నది 50 మీటర్లకు మించదు. మిగిలిన 20 మీటర్లు మేము కన్నులు తెఱచికొనియే గ్రుడ్డిగాఁ బోవుచున్నామన్నమాట. దీపములేని ట్రాక్టరు ట్రెయిలరు గాని, ఆగిపోయిన లారీ గాని, నల్లని గేదె గాని ఆ 20 మీటర్లలో నుండకుండుట మా యదృష్టము.

కాఁబట్టి క్రొత్త కారుకొన్న మఱునాఁడే దీపములు మార్పింపఁబూనువానిని ఆడంబరుఁడని పరిహసించుట న్యాయము కాదు. అతని ఫిర్యాదు సత్యమైనది. అమెరికాలో భీమాసంఘములవారి రహదారి భద్రతా సంస్థ 2016లో మధ్యరకపు కార్ల దీపములను పరీక్షించినపుడు, 31 కార్లలో ఒక్కదానికి మాత్రమే 'మంచిది' యను యోగ్యత లభించినది. ఎక్కువ వెల పెట్టినంత మాత్రమున మంచి దీపము దొరకునను భరోసా లేదనియు వారపుడే చెప్పిరి. మన దేశములో మఱియొక వింత గలదు. ఒకే కారును నాలుగైదు తరగతులుగా అమ్ముదురు. అడుగు తరగతికి సాధారణ హాలోజన్ బల్బు, పై తరగతికి మంచి దీపము. సీటుగుడ్డలోను పాటల పెట్టెలోను తరగతులుండుట మేమర్థము చేసికొనఁగలము. రాత్రిపూట త్రోవ కనఁబడుటలో గూడ తరగతు లుండవలెనా? పేదకారువాని ముందు నడచువాఁడు తక్కువ తరగతి మనిషియా?

హాలోజన్ బల్బు స్వయముగాఁ జెడ్డది కాదు. 1971లో ఐరోపాలో వాడుకలోనికి వచ్చిన హెచ్-4 బల్బులో రెండు తంతువులుండును. పై దీపమునకు 60 వాట్లు, క్రింది దీపమునకు 55. దాని బలహీనత చాలసార్లు బల్బులో నుండదు, తీఁగలో నుండును. బ్యాటరీనుండి స్విచ్చికి, స్విచ్చినుండి దీపమునకు సన్నని తీఁగలు త్రిప్పి తెచ్చుటవలన వోల్టేజి దారిలోనే కొంత హరించుకొనిపోవును. వోల్టేజి నూటికి 5 తగ్గినచో వెలుఁగు 5 మాత్రమే తగ్గునని యెంచుట పొరపాటు. నూటికి 16 తగ్గును. 10 తగ్గినచో వెలుఁగులో 30 వంతులు పోయినట్లే. కొలఁదిపాటి రాగి పొదుపు చేసినదాని ఫలము ఇది.

ఇదంతయు మేము తరువాత నేర్చుకొన్నది. అప్పుడు మాత్రము నేరుగా ఒక దుకాణమునకుఁ బోయితిమి. అచ్చటి కుఱ్ఱవాఁడు మా బల్బులు చూచి జాలిపడి, రెండు ఎల్.ఇ.డి. బల్బులు తీసి, "వీటిని బెట్టినచో రాత్రి పగలగును సార్" అనెను. అరగంటలోఁ బని ముగిసినది. ఆ రాత్రి మా సంతోషమును దాఁచుకొన నేల? చింతచెట్ల ఆకు లాకుగాఁ గనఁబడినవి. దూరమునఁ బేరుపలకలు వెండిరేకులవలె మెఱసినవి. రోడ్డంతయు మా కొఱకే పఱచినట్లుండెను. ఎదురుబండ్లవారు రెండుమూఁడుసార్లు డిప్పరు కొట్టి మమ్ముఁ గసరిరి. మేము క్రింది దీపమే వేసియుంటిమి గనుక వారిదే తొందరపాటనుకొంటిమి.

మా తల్లిగారికి డెబ్బదియేండ్లు దాఁటినవి. ఒక కంటికి శుక్లము తీయించితిమి. రెండవదానికి ఇంకను గాలేదు. సాయంకాలము గుడికిఁ బోయి చెఱువుకట్టమీఁదుగా నింటికి నడచి వచ్చుట ఆమె యలవాటు. దీపములు మార్పించిన పదిదినములకుఁ గాఁబోలు, రాత్రి భోజనమువేళ ఆమె యిట్లనెను: "నాయనా, కట్టమీఁద ఎవఁడో కారువాఁడు నా కళ్లలో సూర్యుణ్ణి పెట్టి పోయినాఁడురా. నేల కనఁబడలేదు. అంచున కూలఁబడి, కళ్లు తేరుకొనేదాఁకా లేవలేదు. కాలు జాఱితే చెఱువులోనే."

"ఎన్ని గంటలకమ్మా?" అని యడిగితిమి.

"గుళ్లో గంట కొట్టిన తరువాత. ఏడున్నర అయి ఉంటుంది."

ఏడున్నరకు ఆ కట్టమీఁదుగా వచ్చిన కారు మాదే. వెనుకసీటులో మువ్వురు, డిక్కీలో రెండు బియ్యపు బస్తాలు. అంచునఁ గూర్చున్న ముసలామెను మేము చూడలేదు. చేతిలో ముద్ద చేతిలోనే యుండిపోయినది. ఆమెకుఁ గన్నులు గానరాకుండఁ జేసినది మేమే. అది యొక దుఃఖము. అంత వెలుఁగు పెట్టుకొని మా తల్లినే మేము చూడలేకపోతిమి. ఇది యంతకంటెఁ బెద్దది.

ఎందుచేతఁ జూడలేదో మెల్లగాఁ దెలిసినది. ముందు దీపమనఁగా బల్బు మాత్రమే కాదు; బల్బును, వెనుక నద్దమును గలిసి ఒక దీపము. ఆ యద్దపు వంపు, తంతువు సరిగా ఫలానిచోట నుండునని నమ్మి చేయఁబడినది. హెచ్-4 బల్బులోఁ గ్రింది దీపపు తంతువు నడుగున చిన్న లోహపు దొప్ప యొకటి గలదు. అద్దపుఁ గ్రిందిభాగమునకు వెలుఁగు తగులకుండ అది యడ్డగించును. అందువలన పైకిఁ బోవలసిన కాంతి పోదు. గోడకెదురుగా నిలిపి చూచినచో, వెలుఁగునకుఁ బైన కత్తితోఁ గోసినట్లు ఒక గీఁత కనఁబడును. ఆ గీఁతకు మీఁదిభాగము చీఁకటి. ఎడమప్రక్కను నడచు మన దేశములో ఆ గీఁత ఎడమవైపున నొకింత పైకి లేచి, రోడ్డు అంచున నడచువానిని జూపును. కుడివైపున, ఎదురుబండ్ల వంక, తలవంచియే యుండును. దీపము చేయువాని నేర్పంతయు ఆ గీఁతలో నున్నదని మాకుఁ దోఁచుచున్నది.

హాలోజన్ తంతువు కొఱకు చేసిన ఆ యద్దములో ఎల్.ఇ.డి. బల్బు దూర్చినచో నేమగును? తంతువున్నచోట ఇప్పుడొక పలక, దాని కిరుప్రక్కల వెలుఁగు బిళ్లలు. కాంతి యెక్కువే, కాని అద్దము తనకుఁ దెలిసిన చోటినుండి దానిని బొందదు. గీఁత చెదరును. కొంత వెలుఁగు చెట్ల కొమ్మలకు, కొంత ఎదుటివాని కన్నులకు, చాలభాగము బండి ముందఱనే నేలకుఁ బోవును. దగ్గఱ నేల తెల్లగా మెఱయుటచేత మన కంటిపాప ముడుచుకొనును. ఆవల నున్న మసక మనిషి మఱింత మాయమగును. త్రోవ పగలైనదని మేము మురిసిన రాత్రి, మా కారు అంచులయందలి చీఁకటిని చిక్కఁబఱచినది.

దీనికిఁ దోడు బియ్యపు బస్తాలు. క్రింది దీపము నూటికొకపాలు వంచి యుంచుట సాధారణము. అనఁగా పదిమీటర్ల దూరమునఁ గాంతిగీఁత దీపపుటెత్తుకంటె పది సెంటీమీటర్లు దిగవలెను. వెనుకభాగమున బరువు పడి బండి ముక్కు ఒక్క డిగ్రీ లేచినచో, ఆ వంపంతయుఁ బోయి వెలుఁగు ఆకాశమువంకఁ దిరుగును. దీనిని సరిదిద్దుటకు చాల కార్లలో స్టీరింగు ప్రక్కన చిన్న చక్రమొకటి, 0 మొదలు 3 వఱకు అంకెలతో నుండును. మా కారులోను గలదు. అది దేనికొఱకో మేమప్పటివఱకు విచారింపలేదు. విచారించినవారు మా మిత్రులలోను లేరు.

ఇఁక నా వెలుఁగు తగిలిన కన్ను. చీఁకటికిఁ బూర్తిగా నలవడుటకు కంటికి ఇరువది ముప్పది నిమిషములు పట్టును. ఒక్క క్షణపు మిఱుమిట్లు ఆ సంపాదన నంతయుఁ గొల్లగొట్టును. ముసలికంటి బాధ యింకను హెచ్చు. అరువదియేండ్ల కంటి లోపలి పొరను జేరు వెలుఁగు, ఇరువదియేండ్ల కంటిఁ జేరుదానిలో మూఁడవవంతు మాత్రమే. అందునను గటకము మసకబాఱినచో వచ్చినవెలుఁగు సైతము చెదరి, కంటిలోపలనే తెల్లని తెఱవలె వ్యాపించును. ఆ తెఱ వెనుక మెట్టయో పల్లమో తెలియదు. దీపము బల్బులోఁ జిన్న బిందువు. ఆమె కంటిలో అది లోకమంత.

అహితము మనకెట్టిదో ఇతరులకు నట్టిదే యని తిక్కనగారి భారతమునుండి మన బడిపుస్తకములవఱకుఁ జెప్పుచునే యున్నారు. ఒక మిత్రునితో ఈ మాట యనఁగా, ఆయన తడుముకొనకుండ బదులు చెప్పిరి: "ఎదుటివారి వెలుఁగు నేనును భరించుచున్నాను. నా వెలుఁగును వారు భరింతురు. చెల్లుకు చెల్లు." ఆ మాట తీసివేయఁదగినది కాదు. ఇరువురు కారువాండ్ర నడుమ అది యొక విధమైన యొడంబడికవలెనే యున్నది. దానిని కొంతసేపు మనసులో నుంచుకొని చూచితిమి. అందఱును ఒకరికంటె నొకరు మించిన దీపములు పెట్టుకొన్నచో నెవ్వరికిని ద్రోవ కనఁబడదను చిక్కు అందులో నెట్లును గలదు. అయినను దానిలోని యసలైన తప్పు అది కాదు. చెల్లుకు చెల్లనువాఁడు తనకెదురుగా నున్నవానికిఁ గూడ దీపమున్నదని తలఁచుచున్నాఁడు. మా తల్లిగారి చేతిలో దీపము లేదు. సైకిలువానికి లేదు. రాత్రి నీరు పెట్టుటకుఁ బొలమునకుఁ బోవు రైతు చేతి టార్చి రోడ్డుమీఁది వారినెవ్వరిని బాధింపలేదు. వీరు మన వెలుఁగును బొందువారే గాని మరల నీయఁగలవారు గారు. చెల్లు పెట్టుటకు వీరియొద్ద నాణెము లేదు. పరస్పరమను మాట ఎంత యందమైనదైనను, దానిలోఁ జోటుపట్టనివాఁడొకఁ డెప్పుడును అంచునఁ గూర్చుండియే యుండును.

చట్టమీ సంగతిని మనకంటె ముందే యాలోచించినది. 1989 నాఁటి కేంద్ర మోటారు వాహనముల నిబంధనలలో 106వది, దీపమునకు 8 మీటర్ల ముందు, కుడివైపునకు అరమీటరు దూరమున, నేలకు ఒకటిన్నర మీటరు ఎత్తున నొక కన్నున్నదని భావించి, ఆ కన్ను చెదరకుండ వెలుఁగు క్రిందికి వంపఁబడవలెనని శాసించుచున్నది. నిబంధనల పుస్తకములలో ఇట్టి కరుణ యుండునని మేమెదురు చూడలేదు. ఎవరిదో తెలియని కన్ను. స్త్రీదో పురుషునిదో, బండి నడుపువానిదో నడచువానిదో చెప్పలేదు. ఎత్తు మాత్రము చెప్పినది. మా తల్లిగారు నిలుచున్నపుడు ఆమె కన్ను ఇంచుమించుగా నంతే యెత్తున నుండును. ఆ నిబంధనను మన రోడ్లమీఁద ఎంతమంది పాటించుచున్నారో చదువరు లే రాత్రియైనను గడప దాఁటి చూడవచ్చును.

ప్రసంగవశమున నొకమాట. సంస్కారమును గోరు మావంటి వారు వ్రాఁతలలో జ్ఞానమును వెలుఁగుతోఁ బోల్చుట పరిపాటి. ఎంత యెక్కువైన నంత మంచిదని, అడ్డమువచ్చినవాఁడు చీఁకటి ప్రియుఁడని వ్రాసి యుంటిమి. ఆ యుపమానమును ఇఁక నంత నిశ్చింతగా వాడలేము. ఎవని కంటి ఎత్తున మా మాట పడుచున్నదో చూచుకొనక, అతఁడు కన్నులు మూసికొన్నాఁడని నిందించిన సందర్భములు మా జ్ఞాపకములో లేకపోలేదు.

ఇఁకఁ జేసినది చెప్పెదము. ఎల్.ఇ.డి. బల్బులు తీయించి, పాత వాట్ల హాలోజన్ బల్బులే క్రొత్తవి పెట్టించితిమి. నూఱు వాట్ల బల్బులు పెట్టుదునని మిస్త్రీ యనెను. అవి తీఁగలను గాల్చి అద్దపుఁ బూఁతను జెఱచును, కన్నులపైఁ బడు వెలుఁగును దగ్గింపవు. కనుక వలదంటిమి. బదులుగా బ్యాటరీనుండి నేరుగా దీపమునకు లావుపాటి తీఁగయు, ఫ్యూజులును, రిలేయు వేయించితిమి. కారు చుట్టును గొలఁతలు తీసి, గోడకుఁ బదిమీటర్ల దూరమున నిలిపి, దీపపుటెత్తుకుఁ బది సెంటీమీటర్ల దిగువన సుద్దతో గీఁత గీసి, వెలుఁగును దానికి సరిపఱచితిమి. దీపపుటద్దమును ప్రయాణమునకు ముందు తడిగుడ్డతోఁ దుడుచుట యలవాటు చేసికొంటిమి. మన దుమ్మురోడ్లలో ఆ గుడ్డ చేయు మేలు తక్కువది కాదు. వెలుఁగు హెచ్చినది, పగలు కాలేదు. ఇప్పుడు రాత్రిపూట వేగము 60కి మించనీయము. ఆ వేగమున బండి 45 మీటర్లలో నాఁగఁగలదు. దీపము చూపునది దానికంటె నెక్కువ.

ఇంటిలో దీనికి ఎదురుమాట వచ్చినది, అది గట్టి మాటయే. "ఎవరో దారిన పోవువారి కన్నులకొఱకు మన పిల్లలను మసక వెలుఁగులో త్రిప్పుదురా?" అని మా యింటివారడిగిరి. పిల్లల ప్రాణము తీసికొనివచ్చి త్రాసులో నొకవైపు పెట్టినచో రెండవవైపు ఏది తూఁగును? ఆ ప్రశ్నకు ఒకటి రెండు దినములు బదులు చెప్పలేకపోయితిమి. మా కిప్పుడు తోఁచునది యిది. బండిలోనివారికిఁ గలుగు అపాయము వెలుఁగువలననే గాక వేగమువలనను గలుగుచున్నది. వేగము మా కాలి క్రింద నున్నది. దానిని తగ్గించుటకు ఎవరి కన్నులను అప్పడుగ నక్కఱలేదు. కట్టుఖర్చు ఒక యరగంట కాలము. కట్టయంచున నున్నవారికి అట్టి మీట ఏదియు లేదు. మేము వెలుఁగు వంచినఁగాని వారికి నేల కనఁబడదు. మా వారు దీనికి సమ్మతించిరని చెప్పము. "అయితే తెల్లవాఱిన తరువాతనే బయలుదేరుదము" అనిరి. చాలప్రయాణములకు ఇప్పుడట్లే చేయుచున్నాము, అదియే అన్నిటికంటె మంచి దీపమని యొప్పుకొనుచున్నాము.

ఎదుటివాఁడు వంపనప్పుడు ఏమిచేయవలెనన్నది తేలలేదు. మొన్న ఊరి వెలుపల నొక లారీ పై దీపముతోనే వచ్చినది. రెండుసార్లు డిప్పరు కొట్టితిమి, వంపలేదు. చేయి మీటమీఁదికిఁ బోయినది. మనము గూడ వేసి చూపుదమను కసి క్షణకాలము నిజముగానే కలిగినది. వాఁడును గ్రుడ్డియై, మేమును గ్రుడ్డియై, రెండు బండ్లు ఎదురెదురుగాఁ బోవుటవలన నెవరికి లాభము? కాలు బ్రేకుమీఁదఁ బెట్టి, చూపును రోడ్డు ఎడమ యంచున తెల్లగీఁతకుఁ దిప్పి, లారీ పోవువఱకు నిదానించితిమి. కసి మాత్రము మైలుదూరము మాతోనే వచ్చినది.

మా తల్లిగారితో నిజము చెప్పితిమి. చెప్పక యుండవచ్చునని యొకసారి తోఁచిన మాట నిజమే. ఆమె కొంతసేపూరకుండి, "మఱి నన్ను చూసి బండి ఆపి ఎక్కించుకోలేదేమిరా?" అనెను. చూడలేదంటిమి. "అంత వెలుఁగులోనా?" అని నవ్వి, లోపలికిఁ బోయెను.

తీసివేసిన బల్బులు ఇప్పుడు మా బల్లసొరుగులో నున్నవి. దుకాణమువాఁడు సగము వెలకు మరలఁ గొందుననెను. ఇంకొకరి కారులోఁ బెట్టుటకే గదా యని యీయలేదు. నిన్న ఒక మిత్రుఁడు వచ్చి, తాను క్రొత్తగాఁ గొన్న కారు దీపములు గ్రుడ్డివని, ఆ బల్బులు ఊరకనే పడి యున్నవి గదా యని యడిగెను. వానికి బదులు రిలే వేసిన మిస్త్రీ చిరునామా వ్రాసి యిచ్చితిమి. ఆయన కాగితము మడిచి జేబులో వేసికొని, కాఫీ త్రాగకయే వెళ్లెను.